వెదకు విద్య – దాని చరిత్ర

గ్రంథములను కూర్చుట యొక విద్య. కూర్చిన గ్రంథములలో కావలసిన దానిని కనుగొనుట మఱియొక విద్య. మొదటిదానిని గూర్చి మనము తఱచుగా చెప్పుకొందుము. రెండవదానికిని దీర్ఘమైన చరిత్ర కలదు. విద్యార్థులు తమ పరిశోధన వ్యాసములకై అంతర్జాలమును ఆశ్రయించుచున్న యీ కాలమున ఆ చరిత్ర నెఱుగుట అవసరము.

క్రీ. పూ. 3వ శతాబ్దిలో ఈజిప్టు దేశమందలి అలెగ్జాండ్రియా నగరమున కల్లిమాకస్ అను కవిపండితుడు గ్రంథకర్తల పట్టికను 120 చుట్టలలో రచించెనని ప్రసిద్ధి. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ సకల విషయములను పది తరగతులుగా విభజించి అంకెలతో గుర్తించెను. మన దేశమున, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నుండిన యస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. పాఠకుని కాలము వృథా కారాదనునది అందు నాల్గవది. 1933లో వారు వెలువరించిన కోలన్ వర్గీకరణమునకు, ఒక విషయమును దాని యంగములుగా విడదీసి చూచుటయే ప్రాణము.

పిమ్మట కంప్యూటర్లు వచ్చినవి. 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ విద్యార్థి అలన్ ఎమ్‌టేజ్ ‘ఆర్చీ’ అను వెదకు సాధనమును నిర్మించెను. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు గూగుల్ సంస్థను స్థాపించిరి. ఇతర పుటలు ఎక్కువగా సూచించు పుట ముఖ్యమైనదను భావము వారి పద్ధతికి మూలము. పండితులు ఒకరి గ్రంథములను మఱియొకరు ఉదాహరించు ఆచారమే దీనికి మాదిరి. అయితే పదిమంది సూచించినది ప్రసిద్ధమగును గాని, ప్రసిద్ధమైన దెల్ల సత్యము కానేరదు. మొదట కనబడునది ఒక్కొక్కప్పుడు వట్టి ప్రకటన మాత్రమే.

ఒక విద్యార్థి ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమును గూర్చి వ్రాయదలచెననుకొందము. ‘గ్రంథాలయము’ అని మాత్రమే అడిగినచో లెక్కకు మిక్కిలి పుటలు వచ్చిపడును. విషయమును, స్థలమును, కాలమును విడదీసి, గ్రంథాలయోద్యమము, విజయవాడ, 1914 అని అడుగవలెను. రంగనాథన్ గారి మార్గ మిదియే. గ్రంథాలయ సంఘము స్థాపితమైన ఆ 1914లో ఆ నగరమును బెజవాడ యనెడివారు. కావున ఆ పేరుతోను, ఉద్యమ నాయకులగు అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరుతోను, తెలుగు ఇంగ్లీషు లిపులు రెండింటను వెదకవలెను. పదముల కిరువైపుల ఉద్ధరణ చిహ్నము లుంచినచో అవే మాటలు అదే వరుసలో నున్న పుటలు లభించును. అక్కఱలేని పదమునకు ముందు మైనస్ గుర్తు నుంచిన, ఆ పదమున్న పుటలు తొలగును.

దొరకిన పిమ్మట అసలు పని ఆరంభమగును. వ్రాసిన వారెవరు? ఎప్పుడు వ్రాసిరి? వారి కాధారమేమి? ఒకదాని నొకటి నకలు చేసిన రెండు పుటలు రెండు సాక్ష్యములు కావు. ప్రశ్నకు సూటిగా జవాబు కూర్చి యిచ్చు నేటి యంత్రములనైనను ఈ ప్రశ్నలే యడుగవలెను.

ఒక తప్పు తేదీని పదిమంది విద్యార్థులు నకలు చేసినచో, తరువాతి తరమునకు అదియే చరిత్రయై నిలుచును. దానిని దిద్దవలసిన పాత పత్రికలు, గ్రంథములు మన బీరువాలలోనే యుండవచ్చును. కావున రజతోత్సవ శుభసమయమున మన గ్రంథాలయము, పుస్తకము నందించుటతో తృప్తి చెందక, వెదకుటయు, వెదకిన దానిని సరిచూచుటయు బాలబాలికలకు నేర్పు బాధ్యతను గూడ వహించుగాక యని ఆశించుచున్నాను.