తూకానికి దొరికే దాహం

పటాన్‌చెరు, ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ. గ్లాస్‌హౌస్ తలుపు తోయగానే చెమ్మగాలి మొహానికి తగులుతుంది. ఒక పక్క గోడంతా కూలింగ్ ప్యాడ్లు, వాటి మీదుగా నీళ్లు జారుతున్నాయి. ఎదుటి గోడకు పెద్ద ఫ్యాన్లు. బయటిగాలి తడి ప్యాడ్లలోంచి దూరి, చల్లబడి, మొక్కల మీదుగా సాగి ఫ్యాన్లలోంచి వెళ్లిపోతుంది. ఆ కొసదాకా నడవండి. ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి కాస్త వెచ్చగా ఉంటుంది. మీ ఒంటికి తెలిసిన తేడా మొక్కకూ తెలుస్తుంది. అందుకే ఒక రకం కుండీలన్నీ ఒకేచోట పెట్టరు. చీట్లు కలిపినట్టు కలిపేసి వరసలు పేరుస్తారు.

ఇవి సజ్జ మొక్కలు. కుండీల్లో ఎర్రమట్టి, అన్నింట్లోనూ ఒకే బరువు. నిన్న సాయంత్రం అడుగు బెజ్జాల్లోంచి కారేదాకా నీళ్లు పోశారు. రాత్రంతా కారింది కారగా, మట్టి పట్టి ఉంచగలిగినంత నీరే మిగిలింది. పొద్దున్నే మట్టి కనబడకుండా ప్లాస్టిక్ కప్పారు. ఇక నీరు బయటికి పోవాలంటే ఆకుల్లోంచే పోవాలి. రేపు కుండీ ఎంత తేలికైతే మొక్క అంత నీరు వదిలినట్టు.

“నంబర్ చెప్పు, అక్కా.”

కుండీ త్రాసెక్కుతుంది, అంకె పుస్తకంలోకి ఎక్కుతుంది. సగం కుండీలకు పోయిన నీరు రోజూ తిరిగి పోస్తారు. మిగతా సగాన్ని ఎండనిస్తారు. ఇక్కడే చిక్కు. ఆకు ఎక్కువున్న మొక్క నీళ్లు తొందరగా తాగేసి ముందే వాడిపోతుంది. అది కరువుకు ఓడిందా, తన పెద్ద ఒంటికి ఓడిందా? అది తేలాలంటే ఎక్కువ వదిలిన కుండీకి కొంత నీరు తిరిగిచ్చి, అన్నీ ఇంచుమించు ఒకే నడకన ఎండేలా చూడాలి. ఈ ఓపికే ఇక్కడ అసలు పని, త్రాసు కాదు. ఎండుతున్న మొక్క వదిలే నీరు, తడి మొక్క వదిలేదాంట్లో పదోవంతుకు పడిపోయాక పరీక్ష ఆపేస్తారు.

మధ్యాహ్నం గాలి పొడిబారింది. వేళ్ల దగ్గర నీరు నిండుగా ఉన్నా, కరువు తట్టుకునే సజ్జ రకాలు ఈ వేళకు ఆకు రంధ్రాలను కొంత బిగిస్తాయి. ఇక్కడి శాస్త్రవేత్తల పరిశోధన 2010లో చెప్పింది ఇదే. అలా మిగిలిన నీరు గింజ పాలుపోసుకునే వేళకు అక్కరకొస్తుంది.

కానీ కుండీలో వేరుకు అడుగు తగులుతుంది, చేలో తగలదు. అందుకే ఈ ఆవరణలోనే 2 మీటర్ల పీవీసీ గొట్టాల్లో మట్టి నింపి సజ్జను కోతదాకా పెంచుతారు. వాటిని గొలుసు కప్పీతో పైకెత్తి తూస్తారు. ఆ తరవాత చేను ఉండనే ఉంది. ఎవరైనా కుండీలో పచ్చని మొక్క చూపించి ఇది కరువు రకం అంటే, వానాధారపు చేలో ఎకరాకు ఎంత పండిందో అడగండి.