సబ్బు కవరు చదివాక

మాది హోసూరు. మా స్నానాల గది గూట్లో ఎప్పుడూ రెండే ఉంటాయి. అవ్వకు పెసరపిండి డబ్బా, మిగతా అందరికీ మైసూర్ శాండల్ సబ్బు. పోయిన ఏడు స్కూలు వార్షికోత్సవానికి ముందు నేను మూడోది తెచ్చిపెట్టాను, సంతలో కొన్న తెల్లబరిచే క్రీము. వారం తిరక్కముందే చెంపలు కందిపోయి ఒకటే మంట. నాటకంలో నా వేషం ఇంకో అమ్మాయి వేసింది. డాక్టరమ్మ ఆ ట్యూబును అటూ ఇటూ తిప్పి, "దీంట్లో ఏముందో ఎక్కడా రాయలేదే! ఇట్లాంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు, పాదరసం కూడా కలుపుతారు పాపా" అనింది.

ఆ రోజు ఇంటికొచ్చి మొదటిసారి మా సబ్బు కవరు చదివాను. దాని మీద ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న శరభం బొమ్మ ఉంది. ఈ సబ్బు మన పక్కనే ఉన్న బెంగళూరులో ఎట్లా పుట్టిందని మా చరిత్ర సారును అడిగితే, ఆయన యుద్ధంతో మొదలుపెట్టారు.

మైసూరు రాజ్యంలో గంధం చెట్టు ఎవరి పొలంలో మొలిచినా ప్రభుత్వానిదే. టిప్పు సుల్తాన్ కాలం నుంచీ అంతే. ఆ చెక్కను విదేశాలకు అమ్మేవారు, తైలం అక్కడ తీసేవారు. జర్మనీ పెద్ద బేరం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఎగుమతి ఆగింది, చెక్క గుట్టలుగా మిగిలిపోయింది. అప్పుడు రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. (ఆయన ఇంటిపేరు ఆంధ్రలోని ఊరిదే. మా తాత ఇది చెప్పకుండా ఊరుకోడు.) బెంగళూరు సైన్సు సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే శాస్త్రవేత్తలు తైలం తీసి చూపించారు. ఎస్.జి. శాస్త్రి అనే ఆయనను సబ్బుల విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండు పంపించారు. 1916లో మొదలైన ఆ పని నుంచే మా ఇంటి సబ్బు వచ్చింది. అమ్ముడుపోని చెక్కతో ఇంత పని జరిగిందంటే నాకు భలే ఆశ్చర్యం వేసింది.

అయితే గంధం వాసన చూసి సబ్బు మంచిదని అనుకోకూడదని మా సైన్సు టీచరు చెప్పారు. నూనెను కాస్టిక్ సోడాతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో కవరు మీద టి.ఎఫ్.ఎం. అని రాస్తారు. అది 76 శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే మొదటి గ్రేడు టాయిలెట్ సబ్బు. 'బేతింగ్ బార్' అని ఉంటే అది వేరే రకం. పదార్థాల పట్టీలో ఎక్కువగా ఉండేది ముందు వస్తుంది. కాబట్టి ముందు భాగంలో పెద్ద అక్షరాలతో బాదం, కుంకుమపువ్వు అని ఉన్నా, వెనకాల పట్టీలో అవి ఎక్కడున్నాయో చూడాలి. నాకు ఇప్పుడు అంగట్లో ఇదే పని, అమ్మ విసుక్కుంటుంది.

మొన్న అవ్వ నవ్వింది. "నా పిండికి కవరే లేదే, ఏం చదువుతావు?" అని. నిజమే. కానీ ఆ పెసలు, కస్తూరి పసుపు ఎండబెట్టి మిల్లుకు తీసుకుపోయేది నేనే కదా.