టోకెను చేతిలో ఉండగా

నౌపడా నుండి పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో రైలు నడిచింది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల పట్టాల దారి అది. తరువాత గుణుపురం వరకు సాగింది. 2004లో ఆ చిన్నబండి ఆగి, పిదప పెద్దపట్టాలు వచ్చాయి.

కంప్యూటరు చరిత్ర చెప్పబోతూ రైలెక్కడమేమిటని పాఠకులకు తోచవచ్చు. ఈ బంధుత్వం నేను కల్పించినది కాదు. ఏకకాలంలో నడిచే పనులు ఒకదానినొకటి ఢీకొనకుండా 1960లలో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఒక సాధనాన్ని కల్పించి, దానికి సెమఫోర్ అని పేరుపెట్టాడు. రైలుదారి పక్కన చెయ్యి వాల్చే సిగ్నలు స్తంభం పేరే అది.

ఒంటిలైనుపై టోకెను పద్ధతి ఎరిగినవారికి తక్కినది సులభం. డ్రైవరు చేతిలో టోకెను లేనిదే బండి రెండు స్టేషన్ల నడుమకు పోరాదు. ప్రోగ్రాములో ఒక్కొక్క థ్రెడ్డు ఒక్కొక్క బండి. ఉమ్మడి సమాచారాన్ని ముట్టుకొనేముందు అది పుచ్చుకొనే తాళమే టోకెను.

మరి అక్కరతీరిన థ్రెడ్డును నడిదారిలో చంపితే? విండోస్‌లో టెర్మినేట్‌థ్రెడ్ ప్రయోగిస్తే టోకెను దానితోనే పోతుంది. ఆ తాళానికై వేచిన థ్రెడ్లన్నీ నిలిచిపోతాయి. 1996 నాటి జావాలోని స్టాప్ ఇందుకు విరుద్ధంగా తాళాలన్నీ వదిలించేది. బండి దారిలో ఉండగానే టోకెను స్టేషనుకు చేరినట్లన్నమాట! ఒక ఖాతాలో తగ్గి, రెండవ ఖాతాలో ఇంకా చేరని సొమ్మును వేరొక థ్రెడ్డు నిజమైన లెక్కగా చదివేది. నా మట్టుకు మొదటి కీడే మేలు. నిలిచిన ప్రోగ్రాము కంటబడుతుంది, తప్పుడు లెక్క కనబడదు. 1998లో జావా 1.2 స్టాప్‌ను వాడవద్దని ప్రకటించింది. 2023లో జావా 20 వచ్చేసరికి, పిలిచినా అది పనిచేయడం మానింది.

1995 నాటి పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం ముందే వివేకం చూపింది. అందులో రద్దుకోరిక మామూలుగా వెంటనే అమలు కాదు. చదవడం, నిద్రించడం వంటి నిర్ణీత స్థలాలకు థ్రెడ్డు చేరినప్పుడే అమలవుతుంది. అవి స్టేషన్లనుకోండి. దిగేముందు తాళం వదలడం, సగం పనిని సర్దడం వంటివి ముందుగానే నమోదు చేసుకోవచ్చు.

2010లో డాట్‌నెట్ 4 తెచ్చిన సాధనం పేరు క్యాన్సిలేషన్ టోకెన్. రైలు టోకెను పొమ్మంటే, ఇది ఆగమంటుంది! థ్రెడ్డే నడుమనడుమ దానిని చూసుకొని, చేతిపని సర్దుకొని విరమించాలి.

చూడనే చూడకుండా అనంతమైన లెక్కలో మునిగిన థ్రెడ్డుకు ఈ ఉపాయం చెల్లదు. అటువంటి పనిని మొదటే వేరొక ప్రాసెస్‌లో ఉంచాలి. దానిని చంపితే మెమరీని, తెరచిన ఫైళ్ళను ఆపరేటింగ్ సిస్టమే వెనక్కు తీసుకుంటుంది. ఫైలులో అప్పటికే సగం వ్రాసిన వరుస మాత్రం సగంగానే మిగులుతుంది.