తేదీలు దిద్దిన చేతులు

1990ల చివర్లో బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల దశ తిప్పిన పనుల్లో వైటూకే ఒకటి. మెమరీ ఖరీదైన రోజుల్లో రాసిన కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు. 2000 వచ్చి అది 00 అయితే, కంప్యూటర్ 1900 అనుకుంటుందని ప్రపంచమంతా భయం. ఇన్ఫోసిస్, విప్రో బెంగళూరు నుంచి ఆ పని చేస్తుంటే, హైదరాబాద్ నుంచి వాటికి దీటుగా నిలబడింది మన సత్యం కంప్యూటర్స్. బెంగళూరులోనూ దానికి శాఖ ఉండేది. సత్యంలో ఉద్యోగమంటే ఇంటిల్లిపాదికీ పండగే.

అలా చేరిన పిల్లలు పని శ్రద్ధగా చేశారు. కోడ్‌లో తేదీ ఉన్న చోటల్లా వెతికి రెండంకెలను నాలుగు చేశారు. అది కుదరని చోట, 50 లోపైతే 2000ల్లోది, ఆపైనైతే 1900ల్లోది అన్నట్టు షరతు రాశారు. అయినా మాట మీద ఎవరూ నమ్మలేదు. టెస్ట్ మెషీన్‌లో తేదీని 1999 డిసెంబర్ 31కి మార్చి, అర్ధరాత్రి దాటించి, వడ్డీ లెక్క సరిగ్గా వస్తేనే పని పూర్తయినట్టు.

సత్యం ఖాతాలను మాత్రం అలా పరీక్షించినవాళ్లు లేరు. బ్యాంకుల్లో ఉన్నాయన్న డిపాజిట్ల గురించి ఆడిటర్లు నేరుగా బ్యాంకులను అడగకుండా, కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితాలను నమ్మారు. 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. డిసెంబర్ 16న చైర్మన్ రామలింగరాజు కుటుంబ సంస్థలైన మేటాస్‌లను కొనబోయి, వాటాదారులు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు.

సీబీఐ తవ్వితే బయటపడిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఇన్‌వాయిస్ సిస్టమ్‌లో ‘సూపర్ యూజర్’ లాగిన్ ఒకటి పెట్టారు. దొంగ బిల్లుకు ‘హెచ్’ అని గుర్తు పెడితే అది ప్రాజెక్టు వాళ్లకు కనిపించదు, ఆదాయంలో మాత్రం చేరుతుంది. అలాంటి బిల్లులు 7,561. ఊరివాళ్ల ప్రోగ్రాముల్లో తప్పులు ఏరి పెట్టిన ఇంట్లోనే, తప్పును దాచే ప్రోగ్రామూ తయారైంది.

లేఖ బయటికొచ్చిన ఆ ఒక్కరోజులో రూ.179 దగ్గరున్న షేరు రూ.40కి పడింది. స్టాక్ ఆప్షన్లను నమ్ముకుని ఇంటి అప్పులు చేసినవాళ్లు, ఏ బిల్లునూ ముట్టుకోని వాళ్లు, మర్నాడూ బ్యాడ్జీ మెడలో వేసుకుని ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. క్లయింట్ల పని ఆగకూడదు కదా! ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో విలీనమై సత్యం అన్న పేరే పోయింది. 2015లో ప్రత్యేక కోర్టు రాజుకు ఏడేళ్ల శిక్ష వేసింది, నెల తిరిగేసరికి బెయిలొచ్చింది. కొత్త బ్యాడ్జీలతో ఆ ఉద్యోగులు మాత్రం క్లయింట్ల కోడ్ చూసుకుంటూనే ఉన్నారు.