పేరు ఒకటే... ఒక్కో బిడ్డలో ఒక్కో తీరు
ఆటిజంను ముందే గుర్తిస్తే మేలు

మిర్చి కోతల వేళ తల్లిదండ్రులు చేనుకు వెళితే పసివాడు నాయనమ్మ వద్ద ఉంటాడు. రెండేళ్లు నిండినా మాటలు రావు. పిలిచినా తిరిగి చూడడు. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నా అంతే’ అని పెద్దలు సరిపెట్టుకుంటారు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వినిపించే ఈ ఓదార్పు, ఆటిజం ఉన్న చిన్నారుల విషయంలో విలువైన కాలాన్ని హరిస్తుంది.

అందరిలో ఒకేలా ఉండదు

ఆటిజం అంటువ్యాధి కాదు, మతిభ్రమణమూ కాదు. మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. ఇతరులతో కలవడంలో, భావాలు పంచుకోవడంలో ఇబ్బంది, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం దీని ప్రధాన లక్షణాలు. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి దీన్ని వివరించారు. మాటలు చక్కగా వచ్చినా తోటివారితో కలవలేని పిల్లల గురించి ఆస్ట్రియా వైద్యుడు హాన్స్ ఆస్పర్జర్ 1944లో రాశారు. వేర్వేరు పేర్లతో పిలిచిన ఈ రూపాలను అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ‘ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్’గా ఒకే గొడుగు కిందకు తెచ్చింది.

అందుకే ఒకరికి మాటే రాకపోవచ్చు. మరొకరు బస్సుల నంబర్లన్నీ అప్పజెప్పినా తోటి పిల్లలతో ఆడలేకపోవచ్చు. కొందరిలో బుద్ధిమాంద్యం తోడవుతుంది, మరికొందరిలో తెలివితేటలకు లోటుండదు. ప్రపంచవ్యాప్తంగా 2021లో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గమనించాల్సినవి

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, చందమామను చూపిస్తే అటు చూడకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపక పెద్దల చేయి పట్టి లాక్కెళ్లడం, చేతులు ఆడించడం, బండి చక్రాన్నే గంటలకొద్దీ తిప్పడం, మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకోవడం. వచ్చిన మాటలు మరచిపోతే వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఇందులో ఒక్క లక్షణం ఉన్నంత మాత్రాన ఆటిజం అని నిర్ధారించరాదు.

తల్లి పెంపకం దీనికి కారణం కాదు. టీకాలతోనూ సంబంధం లేదని పరిశోధనల్లో తేలింది.

ఏం చేయాలి?

మొదట వినికిడి పరీక్ష చేయించాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, ఒంగోలు రిమ్స్‌లలో పిల్లల వైద్యులను కలవవచ్చు. ఆటిజంను పూర్తిగా నయంచేసే మందు లేదు. అలాంటి ప్రకటనలు నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో తల్లిదండ్రులు చేయించే అభ్యాసం ఫలితమిస్తాయి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ఆటిజం గుర్తింపు పొందిన వైకల్యం. నిర్ణీత స్థాయి వైకల్య ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకంలో ఏటా రూ.లక్ష వరకు ఆరోగ్య బీమా వర్తిస్తుంది.

అనుమానం వచ్చిన నాడే ఆసుపత్రికి వెళ్లాలి, కోతలు ముగిసేదాకా ఆగవద్దు. ఇప్పటికే ఆలస్యమైనా నిరాశ చెందనక్కర్లేదు. ఏ వయసులో మొదలుపెట్టినా బిడ్డకు మేలే.