సముద్రం చదువుకి డబ్బు ఎవరిచ్చారు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాది డిగ్రీ మూడో సంవత్సరం, ఎంపీసీ. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పీజీలో సముద్ర శాస్త్రం చదువుతానని చెప్పా. మా అయ్య కాఫీ పళ్లు ఏరుతున్నోడు ఆగి, "కొండ మీద పుట్టినోడికి సముద్రం ఎందుకురా? డబ్బెవడిస్తాడు?" అన్నాడు.

మొదటి ప్రశ్నకి జవాబు మా తోటలోనే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీద పడిపోయాయి. ఎక్కడో అండమాన్ వైపు నీళ్ల మీద మొదలైన గాలి మా కొండెక్కి వచ్చింది. సముద్రం మనకి దూరం అనుకుంటాం గానీ, దానికి మనం దూరం కాదు.

రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అందుకే హాస్టల్‌కి వచ్చాక లైబ్రరీలో కూర్చుని వెతికా. వెతికితే తెలిసింది ఏంటంటే, మన రాష్ట్రంలో ఈ చదువు పుట్టిందే ఒక స్కాలర్‌షిప్ డబ్బుతో.

1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త వాల్తేరు వచ్చారు. శాన్ డియాగోలో అక్కడి నేవీ లేబరేటరీలో పనిచేసేవారు. ఆయన్ని ఇక్కడికి పంపింది ఫుల్‌బ్రైట్ పథకం. అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ వి.ఎస్.కృష్ణ, జియాలజీ ప్రొఫెసర్ సి.మహదేవన్. యూనివర్సిటీకి సొంత ఓడ లేదు. మన నేవీ ఓడలు అడిగి తీసుకుని విద్యార్థులతో బంగాళాఖాతంలోకి వెళ్లారు. ఏ లోతులో నీళ్లు ఎంత వేడి, ఎంత ఉప్పు, ఇవే కొలవడం. 1955లో ఆయన ఇంకోసారి వచ్చారు.

వాళ్లు చూసినవాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎండాకాలం ముందు నుంచి విశాఖ తీరం వెంట నైరుతి గాలి వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనున్న నీళ్లు ఒడ్డుకి దూరంగా జరిగిపోతాయి. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. వాటితో పాటు ఎరువులాంటి లవణాలు వస్తాయి, నాచు పెరుగుతుంది, చేపకి మేత దొరుకుతుంది. వర్షాకాలం అయ్యాక గాలి తిరగబడితే పైనీళ్లు కిందికి దిగుతాయి. లాఫాండ్ 1954లోనే దీని మీద రాశారు. మనం పొలంలో మట్టి తిరగేసినట్టే సముద్రాన్ని గాలి తిరగేస్తుందన్నమాట.

తర్వాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది, 1959 నుంచి 1965 దాకా. చాలా దేశాల ఓడలు వచ్చాయి. ఆ రోజుల్లోనే ఆంధ్ర తీరానికి ఎదురుగా నీళ్లకింద లోయలు కనిపించాయి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు. జియాలజీ పాఠం చెప్పిన మాస్టారి పేరు సముద్రం అడుగున ఉండిపోయింది. ఆ యాత్ర అయ్యాకే, 1966 జనవరి 1న, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది. అది గోవాలో ఉంది, విశాఖలో దానికి ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. 1999లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ వచ్చింది. 2004 సునామీ తర్వాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే పెట్టారు.

మరి అప్పుడు మనవాళ్లు ఎక్కడున్నారు? ఇది చదువుతుంటే నాకు కొంచెం కోపమొచ్చింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎస్టీలకి 1948-49 నుంచే ఉంది. విదేశీ చదువుల స్కాలర్‌షిప్ 1954-55లో మొదలైంది, అంటే లాఫాండ్ ఇక్కడికి రావడానికీ అక్కడికి మనం పోవడానికీ డబ్బు ఇంచుమించు ఒకే కాలంలో పుట్టింది. కానీ మెట్రిక్ దాటితే కదా పోస్ట్ మెట్రిక్! మా తాత సంతకం కూడా చేయలేదు. కాగితం మీద డబ్బుంది, దాని దగ్గరికి దారి లేదు.

ఇప్పుడు దారి ఉంది, గుంతలు కూడా ఉన్నాయి. ఇంటర్‌లో నా స్కాలర్‌షిప్ ఏడాది ఆగిపోయింది, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఇది సరిచూసుకోండి.

నేను తెలుసుకున్నవి చెప్తా. ఆంధ్రా యూనివర్సిటీలో మీటియరాలజీ, ఓషనోగ్రఫీ డిపార్ట్‌మెంట్ ఉంది. కొచ్చిలో కుశాట్ ఉంది. ఎంటెక్‌కి గేట్ రాసి సీటొస్తే నెలకి 12,400 స్టైపెండ్. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్‌ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాలు అన్నీ కలిపి ఒకే పేపరు ఉంటుంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000. మా అయ్యకి ఈ అంకె చెప్తే నమ్మలేదు, చదువుకోడానికి ఎదురు జీతమా అని నవ్వాడు. నెట్ రాకపోయినా పీహెచ్‌డీకి ఎస్టీ నేషనల్ ఫెలోషిప్ ఉంది, ఏటా 750 మందికి, పీజీ మార్కుల మీద. విదేశాలకి మాత్రం ఏటా 20 మందికే, దేశం మొత్తానికి. అందులో 3 పీవీటీజీలకి. ఎస్టీల జనాభాకి ఇరవై సీట్లా అని నాకనిపిస్తుంది, అయినా అడిగేవాళ్లు ఉండాలి కదా.

నాకు తెలియాల్సింది ఒకటుంది. మనవాళ్లలో ఎవరైనా ఓషనోగ్రఫీలో చేరారా? చేరితే కింద చెప్పండి అన్నా, అక్కా. మ్యాథ్స్ ఎంత కష్టంగా ఉంటుందో అడగాలి. సోమవారం నేను కుల ధ్రువపత్రం కోసం పాడేరు వెళ్తున్నా. అయ్య కూడా వస్తానన్నాడు.