పురుషకారం (శ్రీవైష్ణవం)

శ్రీవైష్ణవ సంప్రదాయంలో పురుషకారం అంటే జీవుడి పక్షాన లక్ష్మీదేవి నారాయణుడికి చేసే సిఫారసు. మామూలు వాడుకలో ఈ మాట అర్థం దాదాపు తలకిందులు: దైవం మీద భారం వేయక మనిషి సొంతంగా చేసే ప్రయత్నం. మొరపెట్టుకుంటే దేవుడి మనసు కరుగుతుందా అన్న ప్రశ్నకు ఈ సంప్రదాయం ఇచ్చిన జవాబు చాలావరకు ఈ మాట చుట్టూనే అల్లుకుంది.

చిక్కు ఏమిటంటే, భగవంతుడు సర్వజ్ఞుడు; అడగకముందే మన కష్టం ఆయనకు తెలుసు. పైగా కర్మకు తగ్గ ఫలమిచ్చేవాడు, ఒకరి మాట వినక్కర్లేని స్వతంత్రుడు. అలాంటివాడి ముందు మొర ఏం పనిచేస్తుంది? దయ ఆయనలో మొదటినుంచీ ఉన్నదే, జీవుడి అపరాధాలు చూసి వచ్చే కోపం దాన్ని మరుగుపరుస్తుంది అన్నది ఆచార్యుల సమాధానం. ఆ మరుగు తొలగించే పని తల్లి అయిన లక్ష్మిది. పరాశర భట్టరు శ్రీగుణరత్నకోశంలో దీన్ని అచ్చం ఇంట్లో జరిగే గొడవలాగే చూపించారు. తప్పు చేసిన బిడ్డ మీద తండ్రి మండిపడుతుంటే, లోకంలో తప్పు చేయనివాడు ఎవడని తల్లి అడుగుతుంది.

ఆ ప్రశ్నకు మూలం వాల్మీకి యుద్ధకాండలో ఉంది. లంకలో తనను వేధించిన రాక్షసస్త్రీలను చంపుతానన్న హనుమంతుణ్ణి లక్ష్మి అవతారమైన సీత ఇలాంటి మాటతోనే ఆపింది. రాముడు శరణన్నవాళ్లను కాపాడాడు. ఈ రాక్షసస్త్రీలు శరణు కూడా అడగలేదు. ఈ ఒక్క పనితో సీత రాముణ్ణి మించిపోయిందని భట్టరు తేల్చారు. భక్తుడి నోట ఇంతకన్నా సాహసమైన తీర్పు అరుదు.

పిళ్ళై లోకాచార్యుల శ్రీవచనభూషణం ఈ సిద్ధాంతానికి శాస్త్రరూపం ఇచ్చింది. సిఫారసు చేసేవారికి మూడు గుణాలుండాలి: కృప, భర్తకు లోబడి ఉండటం, ఆయనకే చెంది ఉండటం. సీత మూడు ఎడబాట్లలో, అంటే లంకవాసం, అడవికి పంపబడటం, భూమిలో కలవడంలో, ఇవి వరసగా బయటపడ్డాయంటుందీ గ్రంథం. లక్ష్మి జీవుడికీ దేవుడికీ హితం చెబుతుంది. వినకపోతే జీవుణ్ణి దయతోనూ, దేవుణ్ణి అందంతోనూ దారికి తెస్తుంది. సీతను పొడిచిన కాకాసురుడు బతికి రావణుడు చావడానికి తేడా కూడా అక్కడే ఉందంటారు వ్యాఖ్యాతలు. కాకి విషయంలో సీత రాముడి పక్కన ఉంది, రావణుడి విషయంలో లేదు. వాల్మీకంలో ఆమె కాకి తరఫున నోరు విప్పినట్టు కనిపించదు, సన్నిధే చాలిందని వారి భావన.

ఆమె హోదా దగ్గర మాత్రం సంప్రదాయం రెండుగా చీలింది. తెంగలైవారికి ఆమె సిఫారసు చేసే తల్లి; మోక్షమిచ్చేది నారాయణుడొక్కడే. వేదాంత దేశికులను (1268–1369) అనుసరించే వడగలైవారికి ఆమె సిఫారసు చేయడమే కాదు, భర్తతోపాటు తానూ మోక్షోపాయమే. జీవుడు తన వంతుగా ఏమైనా చేయాలా అన్న వాదం దీనికి తోడైంది. తల్లిని కరచుకునే కోతిపిల్లలా ఉండాలని వడగలై, తల్లి నోట కరచుకుపోయే పిల్లికూనలా ఉంటే చాలని తెంగలై అంటారని పోలిక. శరణాగతి గద్యంలో రామానుజులు ముందు లక్ష్మిని శరణు వేడి, ఆమె సరేనన్నాకే నారాయణుడి వైపు తిరిగారన్నది మాత్రం ఇద్దరికీ ప్రమాణమే.

తెలుగులో ఈ భావాన్ని జనం నోట నిలిపినవాడు కంచెర్ల గోపన్న, మన రామదాసు. గోల్కొండ పాలకుడు తానీషా కాలంలో (1672–1687) అక్కడి చెరలో మగ్గిన ఈయన, రాముడితో తాను చేయించిన నగల లెక్కలు చెప్పి నిష్ఠూరమాడాడు. సీతమ్మతో అలా కాదు. ఏకాంతంలో స్వామి ప్రసన్నంగా ఉన్న వేళ చూసి తన మాట చెవిన వేయమని బతిమాలాడు.

తిరుమలలో సుప్రభాతంతో పాటు చదివే ప్రపత్తి అనే శరణాగతి స్తోత్రం కూడా వేంకటేశ్వరుడి పాదాలతో మొదలుకాదు. మొదటి శ్లోకం ఆయన వక్షస్థలంలో ఉండి, ఆయన ఓర్పును పెంచే లక్ష్మికి నమస్కారం.